గేట్లు మూసినంక

చప్పుడు ఆగిపోవడంతో ఎస్తేరుకు మెలకువ వచ్చింది.

ఆమె కాపురానికి వచ్చిన వారమే డ్యాము గేట్లు ఎత్తారు. అప్పటి నుంచి నందికొండలో పగలూ రాత్రీ ఒకటే హోరు. ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పాలన్నా గొంతు చించుకోవాల్సిందే. యోహాను మాత్రం అరిచేవాడు కాదు. ఏం చెప్పాలన్నా ఆమె చెవి దగ్గరికి వచ్చేవాడు. "కూరల ఉప్పు తక్కువైంది" అనడానికి కూడా చెవి దగ్గరికే. ఆ హోరుకు ఎస్తేరు లోలోపల ఎన్ని స్తోత్రాలు చెప్పుకుందో లెక్కలేదు.

ఇప్పుడు గోడ గడియారం వినబడుతోంది. పక్కింటి సైదమ్మ పళ్లు తోముకుంటూ కాండ్రించడం వినబడుతోంది. పక్కనే యోహాను గురక కూడా. ఎస్తేరు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మూడు నెలలు పక్కన పడుకున్నా ఈ మనిషి గురక పెడతాడని ఆమెకు తెలియనే తెలియదు.

ఈ ముచ్చట అత్తమ్మకు చెప్పాలని, ఇద్దరూ పొట్ట పట్టుకొని నవ్వాలని, జుట్టు ముడేసుకుంటూ వెనక వాకిట్లోకి వచ్చింది.

గుర్వమ్మ బండ ముందు కూర్చొని ఉంది. ఎడమ చేతిలో రవ్వ చేప, కుడి చేతిలో కత్తి. చేప జారకుండా బూడిద రాసి, తోక వైపు నుంచి తల వైపు గీకుతూ పోతే పొలుసు చిటచిట లేస్తుంది. గంపెడు చేపలను తెల్లవారేలోపు తెల్లగా చేసి పెట్టే చేయి అది. ఈ పొద్దు సగం గీకిన చేప మీద కత్తి ఆగిపోయి ఉంది. ఒక పొలుసు చెంపకు అంటుకొని మెరుస్తోంది. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"అత్తమ్మా, నీ కొడుకు గురక పెడ్తాండు!"

గుర్వమ్మ తలెత్తింది. ఆ చూపు ఎక్కడో దూరం నుంచి నడిచి వచ్చి ఎస్తేరు మీద వాలింది. "గేట్లు మూసిండ్రు బిడ్డా," అంది. అంతే.

గోడ అవతల నుంచి సైదమ్మ తల పైకి లేచింది. డ్యాము చూడవచ్చే జనానికి గుర్వమ్మ చేపలు వేయించి అమ్మితే, పక్కనే సైదమ్మ మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. "ఓ గుర్వక్కా! గేట్లు మూసిండ్రు, ఇగ నువ్వు నోరు మూసుడే తరువాయి. పిల్లా ఎస్తేరూ, చూసుకో, మీ అత్తకు ఇగ ఆర్నెల్లు సెలవులు!"

ఎస్తేరు నవ్వబోయి అత్తమ్మ మొఖం చూసి ఆగిపోయింది.

ఆ చేపను తనే తీసుకొని గీకింది. అత్తమ్మ దగ్గరే నేర్చుకుంది ఈ పని. చౌటుప్పల్‌లో పుట్టి, నల్గొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన పిల్లకు చేప అంటే కూరలో ముక్కే. "తోక కాడ పట్టు. జారినా సిగ్గుపడకు, అది చేప, నీ మొగడు గాదు," అని గుర్వమ్మ నేర్పిన రోజు ఇద్దరూ నవ్వి నవ్వి బూడిద కళ్లలో పోసుకున్నారు. కొట్టు దగ్గర గుర్వమ్మ అరుపే అరుపు. "రా నాయినా రా! పొద్దుగాల ఏట్ల ఉండె, ఇప్పుడు పెనంల ఉన్నది, జర సేపైతే నీ కడుపుల ఉంటది!" కార్లలో పోయేవాళ్లు ఆ మాటకే ఆగేవాళ్లు.

మధ్యాహ్నం తినేటప్పుడు మామ ఏసోబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని కంచం పక్కకు జరిపాడు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

"మొదలైంది," అన్నాడు ఏసోబు. తెల్లారకముందే పుట్టి మీద పోయి వల తీసుకొచ్చే మనిషి. చేపను పట్టడం వరకే ఆయన పని. ఇంటికి తెచ్చి గంపలో పోశాక దాన్ని వేలితో కూడా ముట్టడు. "ఏటేటా గేట్లు మూసుడు, దీనికి బద్ధకం రోగం పట్టుడు. పనిదొంగ."

"సలికి ముడుసుకుంటది నాయినా," అని నవ్వాడు యోహాను. గేట్ల మోటార్లకు, గొలుసులకు గ్రీజు పూసే సెక్షన్లో కిరాయి కూలీ కింద పనిచేస్తాడు. మంచివాడు. నవ్వు కూడా మంచి నవ్వే. "నిరుడు క్రిస్మస్ నాడు గూడ అమ్మ దుప్పటి ముసుగు తియ్యలే. ఎస్తేరూ, ఈసారి అరిసెలు నువ్వే చెయ్యాలె."

"నయం, కోడలు వచ్చింది," అన్నాడు ఏసోబు. "బిడ్డా, ఇగ ఈ ఇంటికి నువ్వే దిక్కు. నీ చేతి చేప తింటే తిన్నట్టుంటది. దీన్ని పండనీ."

ఇంకోరోజైతే ఆ మెప్పును ఎస్తేరు పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకునేది. ఈ రోజు ఆ మెప్పు కర్రలాగా తన చేతికిచ్చి అత్తమ్మను కొట్టమన్నట్టు ఉంది. గుర్వమ్మ ఉప్పు కూర తన కంచంలోకి వంచుకొని, నీళ్లు తాగుతూ, మొత్తం తినేసింది.

*

తర్వాతి రోజుల్లో ఎస్తేరు చూస్తూ పోయింది.

గుర్వమ్మ పొద్దున లేవదు. అలాగని నిద్రపోదు. గోడ వైపు తిరిగి, కళ్లు తెరుచుకొని పడుకుంటుంది. ఎండ పొడ కిటికీలోంచి వచ్చి కాళ్ల మీద పడుతుంది, కాళ్లు ముడుచుకుంటుంది. తల దువ్వదు. సాయంత్రం తొందరగా పొద్దు గూకుతుంటే వాకిట్లో నిలబడి, ఎవరో తన చేతిలోది లాక్కుపోతున్నట్టు ఆకాశం వైపు చూస్తుంది. ఒకరోజు నీళ్లు తేవడానికి పోయి ఎంతకీ రాలేదు. ఎస్తేరు వెతుక్కుంటూ పోతే డ్యాము కనబడే రోడ్డు కమ్మీ పట్టుకొని, ఖాళీ బిందె కాళ్ల దగ్గర పెట్టుకొని, కదలని నీళ్లను చూస్తూ ఉంది. మూడుసార్లు పిలిస్తే గాని తిరగలేదు.

ఆ మూడు పిలుపుల మధ్య ఎస్తేరు గుండె ఎక్కడెక్కడికి పోయిందో ఆమెకే తెలుసు.

ఇంటికి వచ్చాక అత్తమ్మను ముందు కూర్చోబెట్టుకొని నూనె రాసి దువ్వెన పట్టింది. చిక్కులు పడ్డ జుట్టు. లాగకుండా, కింది నుంచి పైకి కొద్దికొద్దిగా విప్పుతోంది. పెళ్లినాటి గాజులు చేతి నిండా గలగలమంటున్నాయి. ఆ చప్పుడంటే ఎస్తేరుకు ప్రాణం. ఇప్పుడు మాత్రం మోచేతి వైపు తోసుకుంది.

"ఏమైతాంది అత్తమ్మా?"

గుర్వమ్మ అరచేతులు చూసుకుంటూ అంది, "చేతులు నావి గావనిపిస్తది బిడ్డా. చెప్తే ఇనవు. కత్తి పట్టుకొమ్మంటే పట్టుకోవు."

"మా కాలేజీకి ఒక మేడం వచ్చి చెప్పింది. కాలం మారినప్పుడు కొందరికి పెయ్యి నొప్పులు వచ్చినట్టే మనసుకు గూడ వస్తదట. బద్ధకం గాదట. మాట్లాడితే, మందు తీసుకుంటే తగ్గుతదట." ఆ మేడం చెప్తున్నప్పుడు తాను వెనక బెంచీలో కూర్చొని స్నేహితురాలి చేతికి గోరింటాకు పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. విన్నంతవరకు విన్నది, ఇప్పుడు గుర్తొచ్చింది. "నల్గొండ దవాఖానల గసొంటి మేడములు ఉంటరు. పోదాం."

గుర్వమ్మ దువ్వెన ఉన్న చేయి పట్టుకుంది. "పిచ్చి డాక్టరు కాడికా? బస్సెక్కకముందే సైదమ్మ ఎటు అని అడుగుతది. చర్చి సంఘంల తెలిస్తే విశ్వాసం లేనిదంటరు. నా కొడుకు నవ్వుతడు. మీ మామ సంగతి నీకెర్కనే."

"నాకోసం పోతున్నమని చెప్దాం."

"నీకేమైంది?"

"కొత్త కోడలును అత్త దవాఖానకు తోల్కపోతే, ఏమైందని ఎవరన్న అడుగుతరా?"

గుర్వమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మూతి ఒక పక్కకు వంకర పోయింది. గేట్లు మూసినప్పటి నుంచి ఆ మొఖంలో నవ్వు లాంటిది రావడం అదే మొదలు. "ఓసి నీ యవ్వ," అంది. "డిగ్రీల గివ్వే నేర్పిండ్రా?"

*

అనుకున్నట్టే అయింది. మంగళవారం పొద్దున బస్సు దగ్గర సైదమ్మ ఎదురైంది. ఇద్దరినీ చూసి, చేతిలో సంచి చూసి, "నల్గొండకా? దవాఖానకా?" అని కళ్లు పెద్దవి చేసింది. ఎస్తేరు తల వంచి పైట అంచు వేలికి చుట్టుకుంది. అంత సిగ్గు పెళ్లి పీటల మీద కూడా పడలేదు.

"విశేషమానే? నా బంగారం! గుర్వక్కా, గింత ముచ్చట దాసిపెడ్తవా?"

బస్సు కదిలాక ఎస్తేరు కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వింది. గుర్వమ్మ ఆమె తొడ మీద గిల్లింది. "నా కొడుకుకు గూడ అసలు సంగతి చెప్పకు. మాటియ్యి."

ఎస్తేరు చేతిలో చేయి వేసింది. నవ్వులో ఉండి ఇచ్చిన మాట. దాని బరువెంతో అప్పుడు చూసుకోలేదు.

దవాఖానలో చీటీ రాసే కిటికీ దగ్గర లోపలి మనిషి "పేరు?" అన్నాడు. గుర్వమ్మ నోరు తెరిచింది. వెనక వరుసలో ఇంతమంది. "పేరమ్మా?" అని మళ్లీ అడిగితే, "ఎస్తేరు," అని బయటపడింది ఆమె నోటి నుంచి.

ఎస్తేరు చీటీ అందుకుంది. ఇద్దరూ పోయి బల్ల మీద కూర్చున్నారు. తలుపు మీద మానసిక ఆరోగ్యం అని తెల్ల అక్షరాలతో రాసి ఉంది. కాసేపటికి లోపలి నుంచి ఆయమ్మ వచ్చి వసారా అంతా వినబడేలా పిలిచింది. "ఎస్తేరు! నందికొండ ఎస్తేరు ఎవరమ్మా?"

ఎస్తేరు లేచి నిలబడింది. అప్పుడే చేతికి కట్టు కట్టించుకొని అటుగా పోతున్న మనిషి ఆగాడు. వాళ్ల కాలనీ ఆటో వెంకటేశ్. ఎస్తేరును చూశాడు, తలుపు మీది అక్షరాలను చూశాడు, మళ్లీ ఎస్తేరును చూశాడు. ఏమీ అడగకుండానే పోయాడు. అడిగినా బాగుండేది.

లోపల కౌన్సిలర్ జేబా. ఎస్తేరు కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. తల మీద దుపట్టా, ముందు చల్లారిపోయిన చాయ. "కూసోండ్రి. ఎస్తేరంటే నువ్వేనా? చెప్పమ్మా, ఏమనిపిస్తుంది?"

ఎస్తేరు అత్తమ్మ వైపు చూసింది. గుర్వమ్మ నేల వైపు చూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఈమె చెప్పదు మేడం," అంది గుర్వమ్మ. "నేను చెప్త."

"చెప్పుండ్రి."

"ఈమెకు నిద్ర రాదు. లేవబుద్ధి గాదు. గేట్లు ఎత్తినన్ని దినాలు మంచిగనే ఉంటది, నలుగురి పని ఒక్కతే చేస్తది. గా సప్పుడుల లోపలిదంత కొట్టుకపోతది. గేట్లు మూసినంక లోపలి సప్పుడు మొదలైతది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసింది. "తిన్నా తినకున్నా ఒక్కటే. మనుషులు మాట్లాడుతాంటే గోడ అవతల మాట్లాడినట్టు ఉంటది. అందరు నవ్వుతరు మేడం. ఈమె గూడ నవ్వబోతది. రాదు."

"సచ్చిపోవాలని ఎప్పుడన్న అనిపించిందా, ఈమెకు?"

ఎస్తేరు గాజులు గట్టిగా పట్టుకుంది.

"దుంకాలని అనిపియ్యలే," అంది గుర్వమ్మ నెమ్మదిగా. "నీళ్ల కాడ నిలబడితే, గట్లనే నిలబడిపోతే బాగుండు, ఎవరు పిలువకుంటే బాగుండు అనిపిస్తది. పిలిస్తే తిరగాలె గదా. తిరుగుడే కష్టం."

జేబా తొందరపడలేదు. "ఎన్నేండ్ల నుంచి ఉన్నది గిట్ల?"

"నా కొడుకు మూడో తరగతిల ఉన్నప్పటి నుంచి."

అనేశాక తన నోటితోనే దొరికిపోయిందని గుర్వమ్మకు తెలిసింది. జేబా ఎస్తేరు చేతికున్న పెళ్లి గాజుల వైపు ఒకసారి చూసింది. నవ్వలేదు, తప్పు పట్టుకున్నట్టు మొఖం పెట్టలేదు.

"అయితే చాన యేండ్లు మోసింది పాపం," అంది. "ఒక్కతే."

గుర్వమ్మ ఏడవడం ఎస్తేరు అంతకు ముందు చూడలేదు. చప్పుడు లేని ఏడుపు. జేబా నీళ్ల సీసా ముందుకు జరిపింది. ఆ తర్వాత కూడా "ఈమె" అనే మాట్లాడింది. ఈమె పొద్దున ఎండ పడగానే లేచి బయట నడవాలి. ఈమె ఒక్కతే నీళ్ల దగ్గరికి పోకూడదు, ఎవరన్నా తోడుండాలి. ఎప్పుడన్నా పానం మరీ చెడ్డగైతే మంగళవారం దాకా ఆగకుండా వెంటనే రావాలి. ఈమెది బద్ధకం కాదని ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

"డాక్టరు సారు గూడ చూడాలె. గోలీలు అక్కర ఉన్నయో లేవో సారు చెప్తరు," అని ఆగింది. "గాని ఒకరి గోలీలు ఇంకొకరి పేరు మీద రాయరాదమ్మా. పై మంగళవారం మల్ల తోల్కరాండ్రి. అప్పుడు కిటికీ కాడ ఈమె పేరు ఈమెనే చెప్పాలె."

తిరుగు ప్రయాణంలో ఉప్పూ కారం రాసిన జామకాయ కొని ఎస్తేరు చెరిసగం చేసింది. గుర్వమ్మ ఒక ముక్క కొరికి, "పుల్లగున్నది," అంది. రుచి గురించి ఆమె మాట్లాడి ఎన్నాళ్లయిందో. బస్సు గతుకుల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటే ఎస్తేరుకు పాట పాడాలనిపించింది.

*

రెండు పొద్దులు ఎండలో నడిచారు. మూడో పొద్దు సైదమ్మ పచ్చి చింతకాయలు తెచ్చి ఎస్తేరు ఒళ్లో పోసింది. సాయంత్రానికల్లా అదే సైదమ్మ వాకిట్లోకి రాకుండా గోడ మీది నుంచి గుర్వమ్మను సైగ చేసి పిలిచింది. మాట గుసగుసలాగే మొదలుపెట్టింది గాని, గుసగుస ఆమెకు చేతకాదు.

"అక్కా, వెంకటేశ్ చెప్తాండు. కడుపు లేదట ఏం లేదట. నీ కోడలుకు మతి బాగలేదట గదా? పేరు పెట్టి పిలిచిండ్రట, లేచి పోయిందట. పెండ్లికి ముందు మీకు చెప్పలేదా?"

గుర్వమ్మ నోరు తెరిచింది. దవాఖాన కిటికీ దగ్గర తెరిచినట్టే. వెనక్కి తిరిగి లోపలికి పోయి గోడ వైపు పడుకుంది.

సాయంత్రం వల వేసి వచ్చిన ఏసోబు ఖాళీ గంపను గుమ్మంలోనే దించాడు. ఆయనకు దారిలోనే తెలిసింది. "నా నెత్తిన అంటగట్టిండ్రు," అన్నాడు, ఎస్తేరు మొఖం చూడకుండా. "ఊకె నవ్వుతాంటే పసితనం అనుకున్న. ఇదా సంగతి? ఆదివారం మీ నాయినను రమ్మని చెప్పిన. సంఘంల అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తరు. అయినంక పెద్దమనుషుల కూసోబెడ్త. పిల్లను తోల్కపోయి బాగు చేయించుకొని తోలమంట."

గేట్లు మూసిన నాడు ఇదే నోటితో ఈ ఇంటికి నువ్వే దిక్కన్నాడు.

యోహాను డ్యూటీ నుంచి వచ్చి గ్రీజు చేతులు కడుక్కోకుండానే అడిగాడు. "నిజమేనా?"

ఎస్తేరు లోపలి గది వైపు చూసింది. దుప్పటి కింద అత్తమ్మ వీపు. ఊపిరి కూడా బిగబట్టినట్టు ఉంది ఆ వీపు.

"పోయింది నిజమే," అంది.

"ఎందుకు?"

మాట ఇవ్వకపోయి ఉంటే ఎంత సులువు. "చెప్పలేను."

అతను చెవి దగ్గరికి రాలేదు. హోరు లేదు గదా, రావాల్సిన అవసరమూ లేదు. రెండడుగులు వెనక్కి వేసి, "నేను ఏం తక్కువ చేసిన్నే నీకు?" అని బయటికి పోయాడు. ఆ రాత్రి నుంచి వాకిట్లో మంచం వేసుకున్నాడు. ఎస్తేరు చింతకాయలన్నీ ఒక గిన్నెలోకి ఎత్తి, వాటి మీద మూత పెట్టింది. గురక వినబడుతుందేమోనని చాలాసేపు చూసింది. వినబడలేదు. అతను కూడా నిద్రపోలేదు.

గుర్వమ్మ నడకకు లేవలేదు. ఎస్తేరు లేపింది, లేవలేదు. "నన్ను ఇడిసిపెట్టు బిడ్డా," అంది గోడతో. ఎస్తేరుకు మొదటిసారి ఆమె మీద కోపం వచ్చింది. దువ్వెన చేతిలో పట్టుకొని నిలబడి, ఏమీ అనకుండా, అక్కడే పెట్టి వచ్చింది.

*

ఆదివారం సంఘం కూడే రేకుల షెడ్డు నిండింది. ఒక పక్క ఆడవాళ్ల చాపలు, ఒక పక్క మగవాళ్లవి. చౌటుప్పల్ నుంచి తెల్లవారుజామునే బయలుదేరిన ఎస్తేరు నాయిన వెనక గోడకు ఆనుకొని, సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. బిడ్డ వైపు చూడబోయి చూపు తిప్పుకుంటున్నాడు. గుర్వమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. తల తనే దువ్వుకుంది, పాపిట వంకరగా ఉంది. ఎస్తేరు పక్కన కాకుండా ఆడవాళ్లందరి వెనక కూర్చుంది.

పాటలయ్యాక పాస్టరు ఇస్రాయేలు గొంతు తగ్గించాడు. మెత్తటి మనిషి. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. "మన ఏసోబన్న కోడలు కొత్తగ వచ్చిన బిడ్డ. పానం బాగుంటలేదు. సంఘమంత కలిసి ప్రార్థన చేద్దాం. ఎస్తేరూ, ముందుకు రా తల్లీ."

షెడ్డులో అన్ని తలలూ తిరిగాయి. సైదమ్మ ఈ సంఘం మనిషి కాకపోయినా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎస్తేరు పైట తల మీదికి లాక్కుంది. ముందుకు పోతే అందరి ముందు పిచ్చిదని ఒప్పుకున్నట్టు. పోకపోతే ఇచ్చిన మాట ఇక్కడే తెంపాలి. నాయిన ఒళ్లో సంచి చప్పుడైంది. ఆమె లేవడానికి నేల మీద చేయి ఆనించింది.

ఆ చేతి పక్కనుంచి ఒక కాలు దాటి ముందుకు పోయింది. మడమలు పగిలిన కాలు.

గుర్వమ్మ పోయి పాస్టరు ముందు, ఎస్తేరును రమ్మన్న చోట, మోకాళ్ల మీద కూర్చుంది.

"నిన్ను గాదు గుర్వమ్మా," అన్నాడు ఇస్రాయేలు.

"నన్నే అయ్యగారూ." సాక్ష్యం చెప్పేటప్పుడు సంఘంలో ఎట్లా మొదలుపెడతారో అట్లాగే మొదలుపెట్టింది. "నా మొదటి వందనాలు దేవునికి. రెండో వందనాలు అయ్యగారికి. మూడో వందనాలు సంఘానికి." ఆగింది. అక్కడి నుంచి చెప్పడానికి నేర్చుకున్న మాటలేవీ లేవు. "దవాఖానల ఎస్తేరు అని చెప్పింది నేనే. రోగం నాది. నా పేరు చెప్పే ధైర్యం లేక పిల్ల పేరు చెప్పిన. నా కొడుకుకు గూడ చెప్పద్దని పిల్లతోని మాట తీసుకున్న. నోరు ఇప్పలే, చూడుండ్రి, ఎన్ని మాటలు పడ్డదో. ఆమె మంచిగున్నది. నేనే బాగలేను. గీ యేడే గాదు. కాలం మారినప్పుడల్లా బాగుండను."

ఎవరో స్తోత్రం అనబోయి ఆగిపోయారు.

"చెయ్యి పెట్టుండ్రి అయ్యగారూ, వద్దనను. గాని మంగళవారం మల్ల పోత. ప్రార్థన చేసుకొనే పోత."

ఇస్రాయేలు చేయి గాలిలో కొంచెం సేపు ఉండి, ఆమె వంకర పాపిట మీద దిగింది.

మగవాళ్ల వైపు ఏసోబు నేల మీది చాప పుల్ల ఒకటి తెంపాడు. ఇంకొకటి తెంపాడు. ప్రార్థన అయ్యేదాకా తెంపుతూనే ఉన్నాడు. బయటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నడిచి పోయాడు. పెద్దమనుషులు కూర్చోలేదు. ఎస్తేరు నాయిన సంచిలోంచి సీతాఫలాలు తీసి వియ్యపురాలి చేతిలో పెట్టి, "పానం చూసుకో అక్కా," అని బస్సెక్కాడు.

సాయంత్రం యోహాను చొక్కా లోపల దాచి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. పెళ్లైన కొత్తలో రోజూ అట్లాగే తెచ్చేవాడు. పొట్లం విప్పి ఆమె ముందు పెట్టి పక్కన నిలబడ్డాడు. చెవి దగ్గరికి రావాలో వద్దో తెలియనట్టు.

"నిరుడు క్రిస్మస్‌కు నవ్విన," అన్నాడు. "ముసుగు గుంజి మరీ నవ్విన."

ఎస్తేరు ఒక బజ్జీ తీసుకుంది. "సల్లారినయి," అంది. కాలుతూనే ఉన్నాయి. రెండోది తీసుకోలేదు. అతను ఆ రాత్రి కూడా వాకిట్లోనే పడుకున్నాడు, ఈసారి ఆమె రమ్మనలేదు గనుక.

*

మంగళవారం పొద్దున గుర్వమ్మ మళ్లీ లేవలేదు.

సంఘంలో చెప్పినంత మాత్రాన కాలం మారదు. ఆదివారం నిలబడ్డ మనిషి సోమవారమంతా పడుకునే ఉంది. ఎస్తేరు చీర కట్టుకొని సంచి సర్దుకొని మంచం అంచున కూర్చుంది. పిలిచింది. భుజం తట్టింది. గుర్వమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. "చేతులు ఇంటలేవు బిడ్డా," అంది. "గంపెడు చేపలున్నయి. అవ్వెవరు చేస్తరు? ఇయ్యాల వద్దు. పై వారం."

పై వారం అంటే ఏమిటో ఎస్తేరుకు అర్థమైంది. బస్సు వచ్చే వేళవుతోంది. కిటికీలోంచి ఎండ పొడ మంచం కాళ్ల దాకా పాకింది.

అప్పుడు వెనక వాకిట్లో చప్పుడైంది. గర్రుమని, ఆగి, మళ్లీ గర్రుమని. గేట్లు మూసిన ఊళ్లో చిన్న చప్పుడు కూడా దాగదు. గుర్వమ్మ తల దిండు మీది నుంచి లేచింది. ఆ చప్పుడు ఆమెకు తెలిసిందే. కానీ ఎక్కడో తప్పుగా ఉంది.

లేచి, గోడ పట్టుకొని, తలుపు దాకా వచ్చింది.

బండ ముందు ఏసోబు కూర్చొని ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, బొచ్చ చేపను రెండు కాళ్ల మధ్య పెట్టుకొని, కత్తితో తల వైపు నుంచి తోక వైపుకు గుంజుతున్నాడు. పొలుసు లేవడం లేదు. బూడిద చేప మీద కంటే ఆయన మీద ఎక్కువ ఉంది. బొటనవేలు తెగి నెత్తురు కారుతోంది. గోడ మీద సైదమ్మ తల ఉంది. ఆ తల కూడా, ఎప్పుడూ లేనిది, మాట లేకుండా ఉంది.

ఏసోబు భార్య వైపు తల తిప్పలేదు.

"బస్సు పోతది," అన్నాడు చేపతో.

గుర్వమ్మ గుమ్మంలో నిలబడి ఆయన చేతులను చూసింది. చాలాసేపు చూసింది. చేప జారి బండ కింద పడింది. ఎత్తి మళ్లీ తల వైపు నుంచే మొదలుపెట్టాడు.

"గట్ల గాదు," అంది గుర్వమ్మ. గొంతు బొంగురుగా వచ్చింది. చిరాకుగా కూడా. "తోక కాడి నుంచి గీకాలె. ఇన్నేండ్లు కండ్ల ముందట చూస్తలేవా?"

ఏసోబు చేపను తిప్పి పట్టుకున్నాడు. పొలుసు చిటచిట లేచింది. ఒకటి ఎగిరి ఆయన మీసానికి అంటుకుంది.

గుర్వమ్మ వంగి, అరుగు కింద చెప్పుల కోసం కాలితో తడుముకుంది.